బాండ్ థీమ్ మ్యూజిక్ ఎవరిది? నార్మన్‌దా, బ్యారీదా?

రీలుడబ్బా:
నిన్న మళ్ళీ ‘డాక్టర్ నో’ (1962) చూశాను. టైటిల్స్‌లో సంగీతం మాంటీ నార్మన్ అని, బాండ్ థీమ్ వాయించింది జాన్ బ్యారీ ఆర్కెస్ట్రా అని వేశారు. వాయించడం వరకేనా? ఆ ట్రంపెట్ల హోరులో బ్యారీ ముద్ర తెలియడం లేదూ? తర్వాత 11 బాండ్ సినిమాలకు సంగీతం ఇచ్చిందీ ఆయనే. నార్మన్ మళ్ళీ ఒక్కటీ చేయలేదు. నా ఓటు బ్యారీకే.

సరిగమ:
కోర్టు తేల్చేసిన గొడవ ఇది. థీమ్ బ్యారీదే అన్నట్టు రాసినందుకు నార్మన్ ‘సండే టైమ్స్’ మీద పరువు నష్టం దావా వేసి 2001లో గెలిచాడు. 30,000 పౌండ్లు వచ్చాయి. బ్యారీ స్వయంగా వచ్చి సాక్ష్యం చెప్పినా జ్యూరీ నార్మన్ వైపే మొగ్గింది.

అసలు ఆ ట్యూన్ పుట్టిన కథ విన్నారా? నైపాల్ రాసిన ‘ఎ హౌస్ ఫర్ మిస్టర్ బిశ్వాస్’ నవలను సంగీత నాటకం చేద్దామనుకున్నారు. ట్రినిడాడ్‌లోని భారతీయుల కథ కదా, నార్మన్ మన సంగీతం ఛాయలో ఒక పాట కట్టాడు. తుమ్ముతూ పుట్టిన నష్టజాతకుడి గోడు అది! నాటకం మూలపడింది, ట్యూన్ మాత్రం బాండ్ దగ్గరికి చేరింది. తుమ్ముకీ తుపాకీకీ ఇలా కుదిరింది.

రీలుడబ్బా:
తుమ్ము పాటలోంచి వచ్చింది గిటార్ ముక్క ఒక్కటే కదా. దాని కింద పాకుతూ ఉండేది వినండి: పంచమం, శుద్ధ ధైవతం, చతుశ్రుతి ధైవతం, మళ్ళీ వెనక్కి. నాలుగే స్వరాలు, టెన్షన్ అంతా అక్కడే. మధ్యలో జాజ్ బ్యాండ్ ఊపు సరేసరి. ఇవి రెండూ నా చెవికి బ్యారీవే. ఆస్కార్ గెలిచిన మొదటి బాండ్ పాట ‘స్కైఫాల్’లో ఆడెల్ గొంతు వెనక పాకేదీ ఆ స్వరాలే.

గిటార్‌పిచ్చి:
మీరిద్దరూ విక్ ఫ్లిక్‌ని వదిలేశారు. గిటార్ వాయించింది ఆయన. కింది తీగ మీద అంత మొరటుగా మీటకపోతే ఆ ట్యూన్‌కి ఆ పదునెక్కడిది? పాపం, టైటిల్స్‌లో పేరు కూడా లేదు.

సరిగమ:
బాగా వాయించాడు, కాదనను. కానీ వాయించినవాళ్ళంతా, ఆర్కెస్ట్రాకి సర్దినవాళ్ళంతా ట్యూన్ మాదే అంటే ఎలా? బాండ్ థీమ్ హమ్ చేయమని ఎవరినైనా అడగండి. గిటార్ ముక్కే హమ్ చేస్తారు.

రీలుడబ్బా:
ఇప్పుడే మా వాడిని అడిగాను. కింద పాకే నాలుగు స్వరాలే అందుకున్నాడు.

గిటార్‌పిచ్చి:
మా ఇంట్లో నోటితో గిటార్ వాయించి చూపించారు. ఒకటి ఒకటి.