కిడ్నీ వ్యాధి ఎక్కువగా ఉన్న ఉద్దానంలో (శ్రీకాకుళం ప్రాంతం) క్రియాటినిన్ రిపోర్టులను ఫోన్‌లో భద్రపరచుకోవడం గురించి చర్చ

కవిటి_కొబ్బరితోట:
మా నాన్నగారికి 2019 నుంచి ఆరు నెలలకోసారి క్రియాటినిన్ పరీక్ష (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష; అంకె పెరిగితే పనితీరు తగ్గినట్లు) చేయిస్తున్నాము. కాగితాలన్నీ అమ్మ ట్రంకుపెట్టెలో పాలిథిన్ సంచిలో దాచింది. మొన్న పలాసలో డాక్టరుగారు పాత రిపోర్టులు అడిగితే సంచి విప్పి చూశాము. థర్మల్ కాగితం మీద ముద్రించిన రెండింటిలో అక్షరాలు పూర్తిగా వెలిసిపోయి తెల్లకాగితాలే మిగిలాయి. ఆభా (ప్రభుత్వ డిజిటల్ ఆరోగ్య ఖాతా) తెరిస్తే పాతవన్నీ వాటంతటవే అందులోకి వస్తాయా?

సోంపేట_మందులషాపు:
రావండి. ఆభా అనేది 14 అంకెల గుర్తింపు సంఖ్య మాత్రమే. రికార్డు ఏ ఆసుపత్రిలో తయారైతే అక్కడే ఉంటుంది; ఆ ఆసుపత్రి ఈ వ్యవస్థలో చేరి, మీ సంఖ్యకు దాన్ని జతచేసి, మీరు అనుమతి ఇచ్చినప్పుడే వేరొక డాక్టరుకు కనిపిస్తుంది. పాత కాగితాలను మీరే ఫొటో తీసి డిజిలాకర్ (పత్రాలు దాచుకునే ప్రభుత్వ యాప్) వంటి చోట ఎక్కించుకోవాలి.

వజ్రపుకొత్తూరు_మాస్టారు:
ఫొటోలు దాచుకుంటే సరిపోదని అనుభవం మీద తెలుసుకున్నాను. నేను విలువలను ఒక యాప్‌లో ఎక్కిస్తే అది గీత గీసి చూపేది. ఒకసారి 1.4 నుంచి 1.8కి ఎగబాకడంతో ఆ రాత్రి ఇంట్లో ఎవరమూ నిద్రపోలేదు. తీరా చూస్తే రెండో పరీక్ష వేరే ల్యాబులో చేయించినది. పాత ల్యాబులోనే మళ్లీ చేయిస్తే 1.5 వచ్చింది. పరీక్ష చేసే పద్ధతి మారినా, ముందురోజు మాంసం ఎక్కువగా తిన్నా, ఎండలో పనిచేసి నీళ్లు తక్కువ తాగినా ఈ అంకె కదులుతుంది. కాబట్టి ప్రతి విలువ పక్కన తేదీతోపాటు ల్యాబు పేరు కూడా రాయండి.

క్రియాటినిన్ ఒక్కటే చూసి ధైర్యపడకండి, భయపడకండి. క్రియాటినిన్, వయసు, లింగం బట్టి కిడ్నీల వడపోత వేగాన్ని అంచనా వేసే అంకెను ఈజీఎఫ్ఆర్ అంటారు; అది తగ్గితే పనితీరు తగ్గినట్లు. దాన్ని లెక్కించే 2021 నాటి సూత్రం ప్రకారం క్రియాటినిన్ 1.5 ఉంటే 55 ఏళ్ల పురుషుడి ఈజీఎఫ్ఆర్ దాదాపు 55 అయితే, అదే వయసు స్త్రీకి దాదాపు 41 మాత్రమే. మా ఊళ్లో ఆడవాళ్ల రిపోర్టును మగవాళ్ల అంకెతో పోల్చి "ఫరవాలేదులే" అనుకోవడం నేను చాలాసార్లు విన్నాను. ఈజీఎఫ్ఆర్ 60 కంటే తక్కువగా మూడు నెలలకు పైగా కొనసాగితే దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధిగా పరిగణిస్తారు. అందుకే తేదీలు లేని విలువలు డాక్టరుకు పెద్దగా ఉపయోగపడవు.

ఇచ్ఛాపురం_చెల్లి:
మా ఇంట్లో చిక్కు వేరు. అమ్మ ఆధార్‌కు ముడిపెట్టిన నంబరు అన్నయ్యది, ఆయనేమో హైదరాబాదులో సెంట్రింగు పనిలో ఉంటాడు. ఆభా కోసం ఆధార్ ఓటీపీ ఆ నంబరుకే వెళ్లేది. ఇక్కడ ఓపీ వరుసలో నిలబడి దాని కోసం ఫోన్ చేస్తే, ఆయన స్లాబు మీద నుంచి దిగి చూసేలోపే గడువు ముగిసేది. చివరకు ఆధార్ కేంద్రంలో నా నంబరు చేర్పించాము.

కవిటి_కొబ్బరితోట:
అందరికీ ధన్యవాదాలు. మాస్టారు చెప్పినట్లే పట్టిక రాశాను. వెలిసిపోయిన రెండింటి తేదీలు మందుల చీటీల ద్వారా దొరికాయి. ల్యాబుకు వెళ్లి అడిగితే ఒకదాని విలువ వారి కంప్యూటరులో ఉంది, 1.3 అట. రెండోది చేసిన ల్యాబు ఎప్పుడో మూతపడింది. ఆ గడిని ఖాళీగానే ఉంచి డాక్టరుగారికి చూపిస్తాను.