చిక్కుడు పాదు మీద అక్షింతల పురుగు: ఎఫ్/32 పెట్టినా పదును రావట్లేదు

చిక్కుడుపందిరి:
నమస్కారమండీ. కెమెరా కెనాన్ క్రాప్ సెన్సర్, 24 మెగాపిక్సెల్. లెన్స్ 100 ఎంఎం ఎఫ్/2.8 మాక్రో. మిద్దె తోటలో చిక్కుడుకి పేనుబంక పట్టింది, దాన్ని తినడానికి అక్షింతల పురుగులు వస్తున్నాయి. వాటిని 1:1లో (సెన్సర్ మీద అసలు సైజులోనే పడేలా) తీస్తున్నాను. ఎఫ్/2.8లో తల వస్తే వీపు రాదు. ఎఫ్/32కి వెళ్తే తల, వీపు, ఆకు అన్నీ ఒకేలా మెత్తగా వస్తున్నాయి. షట్టర్ 1/60, ఐఎస్ఓ 3200, ఆటోఫోకస్, టైము ఉదయం 10. ఫ్లాష్ వేస్తే వీపు మీద తెల్ల మచ్చ, వెనకంతా నలుపు. ట్రైపాడ్ కొంటే సరిపోతుందా?

తూనీగ:
ట్రైపాడ్ సంగతి తర్వాత. ముందు ఆ ఎఫ్/32 తీసేయండి. 1:1 దగ్గర అసలు అపర్చర్ (లెన్స్ రంధ్రం, అంకె పెరిగేకొద్దీ చిన్నదవుతుంది) మీరు పెట్టిన అంకెకి రెట్టింపు అవుతుంది, అంటే మీరు తీస్తున్నది ఎఫ్/64లో. అంత చిన్న రంధ్రంలో వెలుగు చెదిరి ఒక్కో చుక్కా 85 మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) దాకా పరుచుకుంటుంది. మీ సెన్సర్‌లో పిక్సెల్ వెడల్పు 4 మైక్రాన్ల లోపే. అందుకే అంతా ఒకేలా మెత్తబడింది. లెన్స్ లోపమేమీ కాదు. (నికాన్ వాళ్ల మాక్రో లెన్సుల్లో కెమెరా ఆ పెరిగిన అంకెనే చూపిస్తుంది. కెనాన్ చూపించదు, లెక్క మనమే వేసుకోవాలి.)

ఎఫ్/8 నుంచి ఎఫ్/11 మధ్య ఉండండి. ఎఫ్/11లో మీకు దొరికే పదును మందం 0.9 మిల్లీమీటర్లు, అంతే. పురుగేమో 6 మిల్లీమీటర్లు. కాబట్టి ఆ కాస్త మందాన్నీ కంటి మీద పడెయ్యాలి, మిగతాది పోతే పోనీ. కన్ను పదునుగా ఉంటే చూసేవాళ్లు వీపు సంగతి పట్టించుకోరు.

ఆటోఫోకస్ ఆపేయండి. లెన్స్‌ని మాన్యువల్‌లో 1:1 దగ్గర నిలిపేసి, రింగు ముట్టుకోకుండా మీరే ముందుకీ వెనక్కీ బియ్యపు గింజంత కదులుతూ కన్ను తేటపడగానే నొక్కాలి. స్టెబిలైజర్ (చేతి వణుకు తగ్గించే ఏర్పాటు) మీద ఆశ పెట్టుకోకండి, ముందువెనకల ఊగు దానికి అందదు. ఎడమచేత్తో కాడ పట్టుకుని, ఆ చేతి మీదే లెన్స్ ఆనించండి. కాడ ఊగితే కెమెరా కూడా దాంతోపాటే ఊగుతుంది, గాలి బెడద సగం తీరుతుంది.

కందిరీగ గూడు:
పైన చెప్పినవి ఫ్లాష్ లేకుండా కుదరవండీ. ఎఫ్/11, 1/200, ఐఎస్ఓ 200, ఫ్లాష్ మాన్యువల్‌లో 1/16తో మొదలుపెట్టండి. అంత తక్కువ పవర్‌లో ఫ్లాష్ వెలిగేది సెకనులో కొన్ని వేల వంతు మాత్రమే, చేతి వణుకుని ఆపేది అదే. టీటీఎల్ (ఫ్లాష్ వెలుగుని కెమెరాయే నిర్ణయించే పద్ధతి) వద్దు, నల్లటి పురుగుని చూసి వెలుగు ఎక్కువ కొట్టేస్తుంది.

తెల్ల మచ్చ రావడానికి కారణం ఫ్లాష్ కాదు, దాని మూతి చిన్నది కావడం. అక్షింతల పురుగు వీపు అద్దంలాంటిది, ఎదుట ఉన్న దీపం ఆకారాన్నే చూపిస్తుంది. టీవీ ప్యాకింగ్‌లో వచ్చే పల్చటి తెల్ల ఫోమ్ షీటు 20 × 25 సెం.మీ. ముక్క కోసి, ఫ్లాష్ ముందు నుంచి లెన్స్ మూతి దాటేలా వంచి రబ్బరు బ్యాండుతో కట్టండి. ఫోమ్ పురుగుకి ఎంత దగ్గరగా, ఎంత పెద్దగా ఉంటే మచ్చ అంత మెత్తబడుతుంది. ఇంకా ఉంటే లోపల బటర్ పేపర్ ఒక పొర. లెన్స్ హుడ్ తీసేయండి. 1:1లో పురుగుకీ లెన్స్‌కీ మధ్య 14 సెం.మీ. ఉంటుందేమో, జానెడు కూడా లేదు. హుడ్ ఆ చోటు తినేసి పైగా నీడ వేస్తుంది.

వెనక నలుపు పోవాలంటే పురుగు వెనక అరచెయ్యి దూరంలో ఇంకో ఆకు వచ్చేలా నిలబడండి. లేదా వెనకున్న పగటి వెలుగు కూడా పడేలా ఐఎస్ఓ 800, షట్టర్ 1/80 పెట్టండి.

వేకువ:
1/80 సలహా గాలి వీచే పూట పనికిరాదు, పురుగు చుట్టూ దయ్యంలా రెండో అంచు వస్తుంది. ఆకు పెట్టడమే మేలు.

అసలు పది గంటలకి వెళ్లడమే తప్పు. ఒంట్లోకి ఎండ ఎక్కాక ఏ పురుగూ ఆగదు. తెల్లవారాక మొదటి గంటలో చల్లబడి కదలకుండా ఉంటాయి. అప్పుడు ట్రైపాడ్‌కీ పని ఉంటుంది. కాడ పక్కన వెదురుపుల్ల గుచ్చి బట్టల క్లిప్పుతో బిగించి, ఫోకస్ కొంచెం కొంచెం జరుపుతూ 15 నుంచి 25 ఫొటోలు తీసి, హెలికాన్ ఫోకస్‌లోనో జెరీన్ స్టాకర్‌లోనో (రెండూ కంప్యూటర్ సాఫ్ట్‌వేర్లు) ఒకే ఫొటోగా కలపొచ్చు, దీన్నే స్టాకింగ్ అంటారు. ఒక్కో అడుగు అర మిల్లీమీటరు దాటకూడదు, దాటితే మధ్యలో మసక పట్టీలు పడతాయి. మీసాలు ఆడిస్తుంటే ఆ స్టాక్ వదిలేయండి, నాలుగు మీసాలు వస్తాయి. ఫ్రిజ్‌లో పెట్టి తీసేవాళ్లున్నారు, దయచేసి ఆ పని చేయకండి.

చిక్కుడుపందిరి:
ధన్యవాదాలండీ. స్టాకింగ్ నేర్చుకోవడానికి ఈ పురుగు మరీ చురుగ్గా ఉంది. వేరే ఏదైనా చెప్తారా?

వేకువ:
కరివేపాకు మొక్క ఉంటే ఆకుల మీద పిట్టరెట్టలా కనిపించేదాన్ని చూడండి. నిమ్మ సీతాకోకచిలుక గొంగళి అది, గంటసేపు కూడా కదలదు. ముట్టుకోకండి, తల వెనక నుంచి కొమ్ములు బయటపెట్టి ఘాటు వాసన కొడుతుంది. ఇంకోటి, ఏసీ గదిలోంచి కెమెరా నేరుగా బయటికి తెస్తే గాజు మీద ఆవిరి పడుతుంది. బ్యాగులోనే ఉంచి అరగంట ముందు బయట పెట్టేయండి.