సమస్య: ప్యాంటు విప్పువాఁడె పండితుండు

సీతమ్మధార మాస్టారు (పృచ్ఛకుడు, అంటే సమస్య ఇచ్చేవారు):
ఈ ఆదివారం సమస్య ఆటవెలదిలో. నాలుగో పాదం ఇదీ, పై మూడూ మీరు రాసి పద్యం పూర్తి చేయాలి:

ప్యాంటు విప్పువాఁడె పండితుండు

పైకి బాగోదని నాకూ తెలుసు. దాన్ని నలుగురిలో చదివేలా చేయడమే మీ పని. మొన్న మన విశాఖ జగదంబ దగ్గర ఒక బట్టల షాపులో మా అబ్బాయి జీన్స్ కొంటుంటే ట్రయల్ రూమ్ బయట అరగంట కూర్చున్నాను. పాదం అక్కడే పుట్టింది. షరతు ఒకటే, పూరణ ప్యాంటు గురించే ఉండాలి. ఫిట్టింగు, సుఖం, మారే ఫ్యాషను, మీ ఇష్టం. యతి, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన అక్షరం, తప్పితే చెబుతాను, నొచ్చుకోకండి.

లాసన్స్ బే ఉప్పుగాలి:
బోణీ నాదే.

ఉప్పు గాలి తగిలి యొళ్ళెల్ల జిడ్డయ్యె
జీన్సు తొడకు నంటి చీఁదరాయె
ఇంటి గుమ్మ మెక్కి యిఁక నాగలేకయే
ప్యాంటు విప్పువాఁడె పండితుండు

మూడో పాదంలో మొదట 'లుంగి గట్టఁగ' అని రాసుకున్నాను. ద్రుతం (మాట చివరి నకారం) తగిలి కింద 'ప్యాంటు' కాస్తా 'బ్యాంటు' అయింది. దాంతో లుంగీ వదిలేశాను.

ఎంవీపీ కాలనీ నుంచి:
గుమ్మం ఎక్కగానే విప్పేస్తే ఎదురు ఫ్లాట్ వాళ్ళం ఏమైపోవాలండీ?

సీతమ్మధార మాస్టారు:
అమ్మాయి అడిగింది సబబే. 'ఇంటి లోని కేఁగి' అంటే గణాలూ చెడవు, పరువూ పోదు. నా అభ్యంతరం వేరే ఉంది. ఉక్కకి ప్యాంటు విప్పినవాడు మామూలు మనిషే కదా, పండితుడెలా అయ్యాడు?

లాసన్స్ బే ఉప్పుగాలి:
పదేళ్ళు టైట్ జీన్స్ వేసుకుని మే నెలలో బండి మీద తిరిగాను మాస్టారూ. మందం డెనిమ్ చెమట పీల్చుకుంటే మన ఊరి గాలికి ఓ పట్టాన ఆరదు. ఇప్పుడు వదులు కాటన్ ప్యాంట్లే. ఆ జ్ఞానమే పాండిత్యం అనుకోండి. కానీ పద్యంలోకి రాలేదు, ఒప్పుకుంటాను.

పూర్ణా మార్కెట్ దర్జీ:
నా వృత్తి మీదే ఇచ్చారు, ఊరుకుంటానా.

కుట్టు వేసినంత గొప్పవాఁ డనరాదు
పెరిగినట్టి పొట్టఁ బేర్మిఁ జూచి
లోన దాఁగియున్న లోఁగుట్టు లెఱిఁగియే
ప్యాంటు విప్పువాఁడె పండితుండు

సీతమ్మధార మాస్టారు:
లోగుట్టు అంటే రహస్యం, లోపలి కుట్టు. రెండూ పలికాయి. పొట్టను పేర్మితో చూసే దర్జీని నేనింతవరకు చూడలేదు గానీ, పద్యానికి వంక పెట్టలేను.

మధురవాడ కుర్రాడు:
దర్జీ గారూ, రెడీమేడ్ జీన్స్ కూడా విప్పి వదులు చేస్తారా?

పూర్ణా మార్కెట్ దర్జీ:
బిగించమంటే బిగిస్తాను బాబూ, వదులు చేయడమే కష్టం. కుట్టించుకున్న ప్యాంటుకి సీటు వెనకాల నిలువు కుట్టులో అంగుళమో రెండంగుళాలో గుడ్డ వదిలి కుడతాం, ఒళ్ళొస్తే విప్పడానికే. జీన్స్‌లో అంచులు ఒకదాంట్లో ఒకటి మడిచి డబుల్ కుట్టు వేసేస్తారు. లోపల మిగులేమీ ఉండదు. విప్పినా పాత కుట్టు చోట ముదురు రంగు గీత కనబడుతుంది.

మల్కాపురం తాతగారు:
నేను పద్యానికి కొత్త. తప్పులుంటే దిద్దండి.

బెల్లుబాట మొకటి పెట్టెలో దాఁచితి
తాత ప్యాంటు నేఁడు మనుమఁ డడిగె
మడత పెట్టినాఁడ మఱి యెన్ని యేండ్లయ్యొ
ప్యాంటు విప్పువాఁడె పండితుండు

మధురవాడ కుర్రాడు:
రెండో పాదంలో 'ప్యాం' ముందున్న 'త' గురువు కాదా?

సీతమ్మధార మాస్టారు:
కాదు. సంస్కృత సమాసం కాదు, విడి మాటలు, 'త' లఘువే. తప్పింది యతి. 'తా'కి 'మ' కుదరదు. మనుమణ్ణి ముందుకు తెస్తే సరి: 'మనుమఁ డడిగె నేఁడు మక్కువఁ గొని'. విప్పడాన్ని మడత విప్పడంగా తిప్పిన తీరు బాగుంది, కొత్తవారు చేసే పని కాదది.

మల్కాపురం తాతగారు:
ధన్యవాదాలు. డాక్‌యార్డులో చేసి రిటైరయ్యాను కాబట్టి ఒక్క మాట. బెల్‌బాటమ్ 1970ల సినిమా వేషం అనుకుంటారు గానీ, అది అంతకు చాలా ముందే పడమటి దేశాల నావికుల దుస్తు. అడుగు వెడల్పుగా ఉంటే డెక్ కడిగేటప్పుడు మోకాలి పైకి మడుచుకోవడం తేలిక.

మధురవాడ కుర్రాడు:
నాది క్రమాలంకారం. మూడు ప్రశ్నలు, మూడు జవాబులు.

కాళ్ళ కేది తొడుగు? గట్టి చిక్కుముడుల
నెవఁడు దీర్చుఁ జెపుమ? యెల్ల సభల
మెప్పు వడయువాఁడు మేధావి యెవ్వఁడో?
ప్యాంటు, విప్పువాఁడె, పండితుండు

సీతమ్మధార మాస్టారు:
నిర్దోషం. కానీ బాబూ, సమస్య కాస్త ఇబ్బందిగా ఉంటే చాలు, అందరూ ఈ దొడ్డిదారే పడతారు. నీ పద్యంలో ప్యాంటు ఉంది గానీ తొడుక్కున్న మనిషి లేడు.

లాసన్స్ బే ఉప్పుగాలి:
అసలు 'పంట్లాం' అనే చక్కటి మాట ఉండగా ప్యాంటెందుకు?

సీతమ్మధార మాస్టారు:
అదీ అరువుదే. ఇటలీ నాటకాల్లో పాంటలోనే అనే ముసలి పాత్ర పేరు తిరిగి తిరిగి పాంటలూన్ అయి, మన దగ్గర పంట్లాం అయింది. పైగా పంట్లాము తగణం (రెండు గురువులు, ఒక లఘువు). ఈ పాదంలో ఉండేవన్నీ సూర్యగణాలు (గురువు-లఘువు, లేదా మూడు లఘువులు), వాటిలో పట్టదు. ఆటవెలది నాలుగో పాదానికి అది ఒక సైజు ఎక్కువ.

ఎంవీపీ కాలనీ నుంచి:
ఆఖరుగా నాది. మా ఆయన చీటీ మీద 34 చూసి అలాగే బిల్లు కట్టేసే రకం. ఇంటికొచ్చి టేపు పెడితే నడుము 36 ఉంటుంది. మా ఆడవాళ్ళ ప్యాంట్లకైతే ఇంకో బాధ, జేబులో ఫోను సగమే దూరుతుంది.

కొలత చీటి చూచి కొనువాఁడు మూర్ఖుండు
కూరుచుండి చూచి గుంజి చూచి
మోజు తీఱకున్న మొగమాటపడకయే
ప్యాంటు విప్పువాఁడె పండితుండు

పూర్ణా మార్కెట్ దర్జీ:
రెండో పాదం మా కొట్లో రాసి పెట్టుకుంటానమ్మా. నిలబడి అద్దంలో చూసుకుంటే ఏ ప్యాంటైనా బాగుంటుంది. కూర్చుంటేనే నడుం పట్టీ సంగతి, కాళ్ళ మధ్య కుట్టు సంగతి బయటపడేది.

సీతమ్మధార మాస్టారు:
శ్లేషకి దర్జీ గారు, అనుభవానికి అమ్మాయి. నా ఓటు అమ్మాయికే. ట్రయల్ రూమ్ బయట కూర్చున్నప్పుడు నాకు కావలసింది ఈ పద్యమే, తట్టలేదు. 'మూర్ఖుండు' ఒక్కటే కొంచెం ఘాటుగా ఉంది.

ఎంవీపీ కాలనీ నుంచి:
మా ఆయన చదివారు. ఉంచమన్నారు.

మల్కాపురం తాతగారు:
మనుమడు బెల్‌బాటమ్ తొడిగి చూశాడు. తొడల దగ్గరే ఆగిపోయింది. అప్పట్లో నా నడుము 28 మరి. దర్జీ గారూ, ఏమైనా చేయగలరా?

పూర్ణా మార్కెట్ దర్జీ:
కుట్టించిందా, కొన్నదా?

మల్కాపురం తాతగారు:
కుట్టించిందే. 1976లో.

పూర్ణా మార్కెట్ దర్జీ:
అయితే తీసుకురండి. లోపల వదిలే ఉంటారు.