కోఠిలో రోడ్డు మార్చే ముందు సిమ్యులేషన్ అవసరమా?

సుల్తాన్‌బజార్ వాసి: కోఠి, సుల్తాన్‌బజార్‌లలో ఫుట్‌పాత్‌ల మీద తోపుడు బండ్లు, దుకాణాల సరుకు నిండిపోవడంతో, కొనుగోలుకు వచ్చినవారు బస్సులు, ఆటోల మధ్య నుంచే నడవవలసి వస్తున్నది. ఏ మలుపు మూయాలో, క్రాసింగ్ ఎక్కడ పెట్టాలో ముందుగా సిమ్యులేషన్‌లో, అంటే కంప్యూటర్‌లో ట్రాఫిక్‌ను అనుకరించి, పరీక్షించాలని కొందరు, నాలుగు బారికేడ్లు పెట్టి చూస్తే తేలిపోతుందని కొందరు అంటున్నారు. మీ అభిప్రాయం చెప్పగలరు.

రవాణా విద్యార్థి: సిమ్యులేషన్ చేయించాలి. ప్రమాదాల రికార్డునే నమ్ముకుంటే ఒక్క కూడలి గురించి చెప్పడానికి ఏళ్లు పడుతుంది. పైగా చిన్న దెబ్బలు పోలీసు స్టేషన్ దాకా వెళ్లవు. విస్సిమ్ వంటి ట్రాఫిక్ సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌లో నడిచిన వాహనాల జాడలను అమెరికా ఫెడరల్ హైవే సంస్థ రూపొందించిన ‘శామ్’ (SSAM) అనే విశ్లేషణ సాఫ్ట్‌వేర్‌కు అందిస్తే, త్రుటిలో తప్పిన ప్రమాదాలను, అంటే అదే వేగంతో సాగితే ఢీకొనడానికి 1.5 సెకన్లకు మించి వ్యవధి లేని సందర్భాలను, అది వేరు చేసి చూపుతుంది. బారికేడ్ల ప్రయోగం బెడిసికొడితే దెబ్బ తగిలేది మనుషులకు.

పాదచారి: ఇందులో పెద్ద లొసుగు ఉంది. సిమ్యులేషన్‌లోని డ్రైవరు ఢీకొట్టకుండా నడిపేలా తయారైనవాడు. ఫోన్ చూసుకోడు, రాంగ్ రూట్‌లో రాడు. విస్సిమ్‌కు మూలమైన వీడెమన్ నమూనా 1974లో జర్మనీలో పుట్టింది. ముందున్న కారును వెనక కారు ఎలా అనుసరిస్తుందన్నదే దాని విషయం. బిడ్డను చంకనేసుకుని, చెయ్యెత్తి బస్సును ఆపుతూ, నడిరోడ్డు మీద నిలబడి మిగతా సగానికి సందు వెతుక్కునే తల్లి అందులో ఎక్కడుంది?

రహదారి ఇంజనీరు: అభ్యంతరం సరైనదే గానీ, సిమ్యులేషనే వద్దనడానికి అది చాలదు. లేన్ పాటించని వాహనాలు పక్క వాహనాల మధ్య సందుల్లో దూరిపోవడాన్ని విస్సిమ్‌లోనూ, ఉచితంగా దొరికే సుమో (SUMO) అనే సాఫ్ట్‌వేర్‌లోనూ చూపవచ్చు. పాదచారుల కదలికకు హెల్బింగ్, మోల్నార్ అనే పరిశోధకులు 1995లో ప్రతిపాదించిన నమూనా ఉంది. అయితే మేడ మీద నుంచి పండుగ రద్దీలోనూ, మామూలు రోజునా వీడియో తీసి, ఎంత సందు దొరికితే మనుషులు రోడ్డు దాటుతున్నారో కొలిచి, ఆ విలువలతోనే నమూనాను సరిదిద్దాలి. ఆపైన మరో రోజు వీడియోలో కంటితో లెక్కించిన త్రుటిలో తప్పిన ప్రమాదాలతో ఫలితాన్ని పోల్చాలి. వాహనాల ఆలస్యం నమూనాలోనూ, వీడియోలోనూ ఒకేలా వచ్చింది కదా అని ఆగిపోకూడదు. ట్రాఫిక్ సాఫీగా సాగితే వేగం పెరిగి, దాటేవారికి ముప్పు కూడా పెరగవచ్చు.

పాదచారి: ఆ పోలిక చేసి చూపితే నాకు అభ్యంతరం లేదు. మరి బండ్లవారి సంగతి? వీధి వ్యాపారుల చట్టం, 2014 ప్రకారం సర్వే పూర్తయి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా వారిని తొలగించకూడదు. కాబట్టి ఖాళీ ఫుట్‌పాత్‌తో నడిపిన సిమ్యులేషన్ కోఠిది కాదు. బండ్లు ఉన్నచోటే ఉంచి ఒకసారి, పక్కకు జరిపి ఒకసారి నడిపి, రెండు ఫలితాలనూ బయటపెట్టమనండి.