పామ్ అంటే అసలు ఎలా ఉండాలి? వైజాగ్‌లో పెంచుతున్నవాళ్ళు చెప్పండి

ఎంవీపీ_స్వీటీ
అందరికీ నమస్తే అండీ. మా పాపకి పామ్, అదే పొమరేనియన్ కుక్కపిల్ల, కావాలని ఎప్పట్నుంచో గొడవ, ఇక సరే అని చూడ్డం మొదలెట్టాం. ఒకతను వాట్సాప్‌లో వీడియోలు పంపాడు, ఒకటి టాయ్ ఫేస్ అంట, ఒకటి టీకప్ అంట, ఇంకోటి మామూలు పామ్ అంట. ఆ టీకప్ దానికి మిగతా రెండిటికీ కలిపి చెప్పిన రేటు కంటే ఎక్కువ చెప్తున్నాడు. కంచరపాలెంలో మా అమ్మగారింట్లో తెల్ల పామ్ ఉండేది, కోసు మూతి, మోకాలి దాకా ఎత్తు, నేను ఇన్నాళ్ళూ పామ్ అంటే అదే అనుకున్నా. వీళ్ళు పంపినవాటికి మూతే కనపడట్లేదు. బ్రీడ్ ప్రకారం అసలు ఎలా ఉండాలి, చూడ్డానికి వెళ్తే ఏం చూడాలి, తెలిసినవాళ్ళు కాస్త చెప్పరా ప్లీజ్.

గోపాలపట్నం_గుంటడు
అక్కా టీకప్పూ లేదు సాసరూ లేదు, ఆడు నీకు టీ పోస్తన్నాడు 😂 ఏటి రేటు చెప్పాడో కూడా చెప్పీ, అందరం నవ్వుకుంటాం

రింగ్‌సైడ్
మేడమ్, రేట్లు పక్కన పెట్టండి, ముందు కుక్క సంగతి చూద్దాం. మన దేశంలో జాతి కుక్కల్ని రిజిస్టర్ చేసే కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ఫాలో అయ్యేది ఎఫ్‌సీఐ, అంటే అంతర్జాతీయ కెన్నెల్ క్లబ్బుల సమాఖ్య, రాసిన స్టాండర్డ్. అందులో పొమరేనియన్ అంటే జర్మన్ స్పిట్జ్ ఫ్యామిలీలో అన్నిటికన్నా చిన్న సైజు, భుజాల దగ్గర ఎత్తు 18 నుంచి 24 సెంటీమీటర్లు. బరువు ఇంత అని వాళ్ళు రాయలేదు, సైజుకి తగ్గట్టు ఉండాలన్నారు అంతే. అమెరికా వాళ్ళ లెక్క 3 నుంచి 7 పౌన్లు, అంటే సుమారు 1.4 నుంచి 3.2 కిలోలు. ఇంగ్లండ్‌లో ఇంకా టైట్‌గా మగది 1.8 నుంచి 2 కిలోలు, ఆడది 2 నుంచి 2.5. అవును, ఆడదే కొంచెం బరువు. టీకప్ అనే సైజు వీటిల్లో దేంట్లోనూ లేదు, అది అమ్మేవాళ్ళు పెట్టుకున్న పేరు.

ఇక షేపు. పక్కనుంచి చూస్తే ఎత్తెంతో పొడవంత ఉండాలి, వీపు పొట్టిగా ఉండాలి, తోక నడుం పైనుంచి లేచి వీపు మీదకి వచ్చి పడుకోవాలి. తలని పైనుంచి చూడండి, చెవుల దగ్గర వెడల్పుగా ఉండి ముక్కు వైపుకి సన్నబడుతూ రావాలి. మొత్తం తల పొడవులో మూతి మూడో వంతు, మిగతా రెండొంతులు పుర్రె. అంటే మీ అమ్మగారింట్లో దానంత కోసుగా ఉండకూడదు కానీ మూతి అనేది మాత్రం ఉండాలి! కళ్ళు ముదురు రంగు, బాదం గింజ ఆకారం, ఉబ్బెత్తుగా బయటికి రాకూడదు. చెవులు చిన్నగా, నిక్కబొడుచుకుని, ఒకదానికొకటి దగ్గరగా. మెడ చుట్టూ జూలు, తొడల వెనక గుబురు బొచ్చు, పంజాలు మాత్రం బుల్లివి.

డాగ్ షోకి ఎప్పుడైనా వెళ్తే గమనించండి, చిన్న జాతుల్ని బల్ల మీద నిలబెడతారు. జడ్జి దూరం నుంచి చూసి ఊరుకోడు, రెండు చేతులూ బొచ్చులోకి పోనిచ్చి భుజం ఎక్కడుంది, పక్కటెముకలు ఎలా ఉన్నాయి, తోక ఎక్కడ మొదలైంది అని తడుముతాడు, పెదవులెత్తి పళ్ళు చూస్తాడు. ఎందుకంటే ఆ బొచ్చు కింద ఎన్ని లోపాలైనా దాక్కుంటాయి, కత్తెర పట్టినోడు పనిమంతుడైతే బారు నడుం కుక్కని కూడా బంతిలా చేసి నిలబెడతాడు.

అక్కయ్యపాలెం_బన్నీ
అన్నా ఇదంతా షోలకి తిప్పేవాళ్ళ గోల, ఇంట్లో పెంచుకునేదానికి టేపు పెట్టి కొలుస్తామా. మాది పొట్టి మూతిదే, బేర్ ఫేస్ అని ఇచ్చారు, సాయంత్రం కిందకి దింపితే చాలు అపార్ట్‌మెంట్ పిల్లలంతా చుట్టూ మూగిపోతారు. నిద్రలో గురక పెడతది, ఎండలో రెండు రౌండ్లకే కూలబడిపోతది, అంతకుమించి ఏ ప్రాబ్లమూ లేదు. ముద్దుగా ఉంటే చాలదా?

గరివిడి_వెట్
బన్నీ బ్రో, ప్రాబ్లమ్ లేదు అంటూనే రెండు ప్రాబ్లమ్స్ చెప్పావు 🙂

నేను వెటర్నరీ స్టూడెంట్‌ని, ఇంకా డాక్టర్ అవలేదు, కాబట్టి మీ డాక్టర్ గారి మాటే ఫైనల్. కానీ ఇది సింపుల్. కుక్కకి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, ఒంట్లో వేడి ప్రధానంగా ముక్కు, నోటి ద్వారానే పోవాలి, ఒగర్చినప్పుడు లోపల తడి ఆవిరవుతుంది కదా దాంతో చల్లబడుతుంది. మూతి పొట్టి చేసేకొద్దీ ఆ దారి ఇరుకైపోతుంది. పైగా మన వైజాగ్ గాలిలో తేమ ఎక్కువ, తడి తొందరగా ఆవిరవదు. అదే ఎండ పొడి గాలి ఉన్న ఊళ్ళో కంటే ఇక్కడ ఎక్కువ కష్టపెట్టేది అందుకే. గురకని ఒకసారి డాక్టర్‌కి చూపించు, వీడియో తీసుకెళ్తే ఇంకా మంచిది. ఎండెక్కాక బయటికి వద్దు.

పళ్ళు కూడా అంతే, దవడ చిన్నదైపోయి పళ్ళ సంఖ్య మాత్రం అంతే ఉంటే ఒకదాని మీదొకటి ఎక్కుతాయి, పాల పళ్ళు ఊడకుండా పక్కనే కొత్తవి వచ్చేస్తాయి, ఆ సందుల్లో గార పడుతుంది. చిన్న జాతులన్నిట్లో ఉన్నదే, పొట్టి మూతివాటిలో ఇంకొంచెం.

స్వీటీ గారూ, మీరు ఆ టీకప్ పిల్లని చూడ్డానికి వెళ్తే నడినెత్తి మీద బొటనవేలితో నెమ్మదిగా, నొక్కకుండా తడమండి. చంటిపిల్లల మాడులా మెత్తగా గుంట తగిలిందంటే పుర్రె ఎముకలు ఇంకా కలవలేదన్నమాట. చిన్న వయసులో కొన్నిటికి తర్వాత మూసుకుంటుంది, కానీ గుండ్రటి తల, ఉబ్బిన కళ్ళు, మాడు ఈ మూడూ కలిసి ఉంటే డాక్టర్ చూడకుండా డబ్బు కట్టొద్దు. మరీ బుల్లి పిల్లలకి ఇంకో గండం ఉంది, ఒక పూట తిండి తినకపోతే షుగర్ పడిపోయి తూలిపోతాయి, ఫిట్స్ కూడా వస్తాయి.

అక్కయ్యపాలెం_బన్నీ
సరే బ్రో చూపిస్తా. కానీ మాది ముద్దుగానే ఉంటది, అందులో మాత్రం తగ్గేదే లేదు

ఉక్కునగరం_బాబాయ్
అమ్మా స్వీటీ, మీ అమ్మగారింట్లోది పామ్ కాదమ్మా, ఇండియన్ స్పిట్జ్. తొంభైల్లో మా టౌన్‌షిప్‌లో ఏ సెక్టార్ చూసినా అవే, బయట నుంచి కుక్కల్ని తెప్పించుకోవడం కష్టంగా ఉన్న రోజుల్లో మన దేశంలో బాగా పాకిపోయిన జాతి. అందరం పమేరియన్ పమేరియన్ అనే పిలిచేవాళ్ళం. మన కెన్నెల్ క్లబ్ దాన్ని వేరే జాతిగానే గుర్తించింది. అందులో చిన్న రకం 5 నుంచి 7 కిలోలు, పెద్ద రకం 12 నుంచి 20 కిలోల దాకా ఉంటుంది. ఎక్కువగా తెలుపే. మూతి కొంచెం పొడుగు, కాళ్ళు పొడుగు, బొచ్చు పామ్ అంత దట్టం కాదు, అందుకే మన ఎండకి తట్టుకుంది. మా ఇంట్లోది గ్రిల్లు దగ్గర గచ్చు మీద నాలుగు కాళ్ళూ చాపుకుని పడుకునేది, ఏసీ లేదు ఏమీ లేదు, పెరుగన్నం తిని పెద్ద వయసు దాకా బతికింది. ఇప్పుడు జనం దాన్ని డూప్లికేట్ పామ్ అంటుంటే నాకు ఒళ్ళు మండుతుంది. అది దేనికీ డూప్లికేట్ కాదు, దాని అందం దానిది.

రింగ్‌సైడ్
బాబాయ్ గారు కరెక్ట్. ఒక సరదా సంగతి చెప్తా, అసలు పామ్ కూడా మొదట్లో ఇంత చిన్నది కాదు. బాల్టిక్ తీరంలో పొమెరేనియా అనే ప్రాంతం పేరు మీద వచ్చిన జాతి, పాత రోజుల్లోవి బాగా పెద్దవే. 1888లో విక్టోరియా రాణి ఇటలీ వెళ్ళినప్పుడు ఫ్లోరెన్స్‌లో ఒక పామ్‌ని తీసుకుంది, పేరు మార్కో, దాని బరువు 12 పౌన్లు. అంటే అయిదు కిలోల పైన. ఆవిడ చిన్నవాటిని ఇష్టపడి పెంచడంతో చిన్న సైజుకి గిరాకీ పెరిగింది, అక్కణ్ణుంచి తగ్గుతూ తగ్గుతూ ఇదిగో ఇక్కడికొచ్చాం.

ఉక్కునగరం_బాబాయ్
అంటే రాణీగారి కుక్క మా క్వార్టర్స్ కుక్క సైజే అన్నమాట! ఇవాళ మా ఆవిడకి చెప్పాలి.

మధురవాడ_రవళి
స్వీటీ గారూ ఎవరూ చెప్పని విషయం ఒకటి చెప్తా. పిల్ల ఇంటికొచ్చినప్పుడు పత్తిలా ఉంటుంది, నాలుగో నెల దాటాక ఆ చిన్నప్పటి బొచ్చు రాలిపోవడం మొదలవుతుంది, అప్పుడు చూడాలి దాని అవతారం. మూతి చుట్టూ, కాళ్ళ మీద బొచ్చు పోయి చెవులు పెద్దగా కనిపించి కాళ్ళు పుల్లల్లా బయటపడి, మా అత్తగారైతే ఇదేంటే ఇది మనం తెచ్చిన కుక్కేనా మార్చేశారా అన్నారు. మా ఆయన అమ్మినవాడికి ఫోన్ చేసి గొడవపడబోతుంటే ఆపాను. పెద్ద బొచ్చు పూర్తిగా దిగేసరికి ఏడాది దాటి ఇంకా పట్టింది, ఇప్పుడు ఆరెంజ్ రంగులో జూలు వేసుకుని సింహాసనం ఎక్కినట్టు సోఫాలో కూర్చుంటుంది. కాబట్టి మధ్యలో చూసి కంగారు పడకండి, పిల్ల ఫొటో చూసి పెద్దయ్యాక ఇలాగే ఉంటుందనీ అనుకోకండి. తల్లిని చూడండి, కుదిరితే తండ్రిని కూడా.

సాగర్‌నగర్_సునీ
రవళి గారి పోస్ట్ చూసి నా బాధ గుర్తొచ్చింది. ఎండాకాలం కదా అని ట్రిమ్మింగ్‌కి ఇస్తే ఆ గ్రూమర్ మెషీన్ పెట్టి మొత్తం తీసేశాడు, ఫోన్లో ఏదో ఫొటో చూపించి టెడ్డీ కట్ చాలా ట్రెండ్ మేడమ్ అన్నాడు. అప్పటినుంచి వీపు మీద బొచ్చు సరిగ్గా రాలేదు, అక్కడక్కడా మెత్తగా ఉన్నిలా వచ్చింది, మెరుపే లేదు. ఇది మళ్ళీ మామూలుగా అవుతుందా??

గరివిడి_వెట్
సునీ గారూ, కొన్నిటికి టైం పట్టినా వచ్చేస్తుంది, కొన్నిటికి అలాగే ఉండిపోతుంది, స్పిట్జ్ జాతుల్లో ఇది తెలిసిన సమస్యే. థైరాయిడ్, హార్మోన్ కారణాలతో కూడా బొచ్చు ఊడుతుంది కాబట్టి ఒకసారి రక్తపరీక్ష గురించి డాక్టర్‌ని అడగండి. పామ్‌కి రెండు పొరలు, పైన పొడుగ్గా కాస్త బిరుసుగా నిలబడేది, కింద పొట్టిగా మెత్తగా ఒత్తుగా ఉండేది. ఆ పై పొరే ఎండ చర్మానికి నేరుగా తగలకుండా ఆపేది. గుండు చేస్తే చల్లగా ఉంటుందనుకుంటాం కానీ ఆ అడ్డు పోతుంది. పాదాల కింద, మలద్వారం చుట్టూ తగ్గించుకోవచ్చు, ఒంటి మీద మాత్రం మెషీన్ వద్దు.

సాగర్‌నగర్_సునీ
థాంక్సండీ. మేం పొద్దున్నే బీచ్ రోడ్డులో బళ్ళు ఆపేసిన టైంలో తిప్పుతాం, ఇసుకలోకి దూకకుండా ఉండదు, ఇంటికొచ్చాక చెవుల వెనకాల, చంకల్లో చిక్కులే చిక్కులు. పైపైన దువ్వితే బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, వేలు పెడితే అడుగున గడ్డకట్టేసి ఉంటుంది.

రింగ్‌సైడ్
పాయ తీసి చర్మం కనపడేలా ఒక్కో వరస దువ్వాలండీ, కొంచెం నీళ్ళు స్ప్రే చేసుకుని. పొడి బొచ్చు దువ్వితే తెగిపోతుంది. ఉప్పు నీళ్ళు తగిలిన రోజు మంచినీళ్ళతో కడిగి అడుగుదాకా ఆరబెట్టాలి, మన ఊళ్ళో ఆ కింది పొర తడిగా వదిలేస్తే వాసనొస్తుంది, చర్మం కూడా పాడవుతుంది.

ఎంవీపీ_స్వీటీ
అందరికీ చాలా థాంక్స్. ఆ వాట్సాప్ అతన్ని తల్లిని చూపించమంటే ఊళ్ళో లేదండీ అన్నాడు, వదిలేశాం. నిన్న పెందుర్తి వైపు ఒకళ్ళింట్లో చూశాం, తల్లి వాళ్ళింట్లోనే ఉంది, రెండు కిలోల పైన ఉంటుందేమో, మూతి చిన్నదే కానీ ఉంది 🙂 మమ్మల్ని చూసి అరిచి అరిచి తర్వాత వచ్చి మా పాప ఒళ్ళో కూర్చుంది. పిల్లల్లో మగదాన్ని ఎంచుకున్నాం, ఆరెంజే. డౌట్లు ఏంటంటే దాని తోక వీపు మీద సరిగ్గా పడుకోలేదు, ఓ పక్కకి వాలుతోంది. ఒక చెవి సగమే లేచింది. ముక్కు మీద చిన్న గులాబీ మచ్చ ఉంది. వయసు ఏడో వారం అన్నారు. ఇవి తప్పులా?

రింగ్‌సైడ్
ఏడో వారంలో తోకా చెవీ చూసి తీర్పు చెప్పకూడదు. చెవులు ఆలస్యంగా లేచేవి చాలా ఉంటాయి, పళ్ళు మారేటప్పుడు లేచింది కూడా మళ్ళీ వాలుతుంది. తోక మొదలు ఎక్కడుందో చూడండి, ఎత్తులో ఉంటే తర్వాత సర్దుకునే అవకాశం ఎక్కువ, మొదలే కిందకి ఉంటే పెద్దయ్యాకా అంతే. ముక్కు మచ్చ చాలావరకు నల్లబడిపోతుంది, పెద్దయ్యాక కూడా గులాబీగా ఉండిపోతే షోలో లోపం, ఇంట్లో లోపం కాదు.

మీరు చూడాల్సినవి వేరే ఉన్నాయి. పెదవి ఎత్తితే పై పళ్ళు కింది పళ్ళకి కాస్త ముందుగా, ఆనుకుని కత్తెరలా పడాలి. గచ్చు మీద వదిలి వెనకనుంచి చూడండి, నడుస్తూ నడుస్తూ ఒక వెనక కాలు ఎత్తి గెంతి మళ్ళీ దించుతుందంటే మోకాలి చిప్ప జారుతోందేమో, ఈ జాతిలో అది మామూలే, డాక్టర్ చేత్తో పట్టి చూస్తే తెలిసిపోతుంది. తల్లికి కూడా చూపించారా అని అడగండి. మగది కాబట్టి వృషణాలు రెండూ దిగాలి, ఈ వయసుకి దిగకపోయినా కంగారు లేదు, టీకాలకి వెళ్ళినప్పుడల్లా డాక్టర్‌ని చూడమనండి.

ఇంకోటి, ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదని కుక్కల పెంపకం, అమ్మకాల మీద వచ్చిన 2017 రూల్స్‌లోనే ఉంది, వాళ్ళు ఇచ్చేస్తామన్నా తీసుకోకండి, తల్లి దగ్గరే ఉండనివ్వండి. కెన్నెల్ క్లబ్ రిజిస్ట్రేషన్ పేపర్లు ఇస్తామంటే, కుక్క చర్మం కింద వేసే మైక్రోచిప్ నంబరు పేపర్‌లో ఉన్నదీ రీడర్‌లో వచ్చినదీ ఒకటేనా అని చూసుకోండి.

గరివిడి_వెట్
మెడకి బెల్టు కొనొద్దు మేడమ్, ఛాతీకి వేసే హార్నెస్ తీసుకోండి. పామ్‌లకి గొంతు గొట్టం వీక్, మెడ లాగితే బాతు అరిచినట్టు దగ్గుతాయి.

గోపాలపట్నం_గుంటడు
అక్కా పేరేటి ఎడతావు? మార్కో అని ఎట్టీ, రాణీగారి కుక్క

ఎంవీపీ_స్వీటీ
మా పాప ఆల్రెడీ లడ్డూ అని ఫిక్సయిపోయింది తమ్ముడూ, ఇక ఎవరు చెప్పినా వినదు