రెండు కిలోమీటర్ల రాళ్ల లూప్, ఒక్క రౌండూ కాలు దింపకుండా పూర్తి కావట్లేదు

ప్రశ్న:

అడగడానికి సిగ్గుగానే ఉంది. నేను సైకిల్ తొక్కే పార్కులో ట్రయిల్ (మట్టిదారి) మొత్తం తిరిగినా రెండు కిలోమీటర్లు ఉండదు. అందులో ఎడమ మలుపు తిరగ్గానే పది పన్నెండు మీటర్లు రాళ్లే, పైగా కాస్త ఎక్కుడు. మూడు వారాలుగా రోజూ అక్కడే కాలు దింపుతున్నా. మధ్యలో ఇటుక నిలబెట్టినట్టు ఓ రాయి ఉంది, ఎడమ పెడల్ సరిగ్గా దానికే తగులుతుంది. నిన్న అక్కడ ఆగిపోయి, నింపాదిగా పక్కకి ఒరిగి ముళ్లపొదలో పడ్డాను. వేగంగా వెళ్లి పడితే చెప్పుకోడానికైనా బాగుండేది.

సైకిల్ హార్డ్‌టెయిల్ (సస్పెన్షన్ ముందు మాత్రమే, వెనక ఉండదు), 29 అంగుళాల చక్రాలు, 2.25 అంగుళాల వెడల్పు టైర్లు, లోపల ట్యూబులే. నా బరువు 74 కిలోలు. వెనక ట్యూబుకి పక్కపక్కనే రెండు చిల్లులు పడ్డాయి. గాలి తక్కువైందేమోనని ఒత్తిడి 40 పీఎస్ఐకి పెంచా. నాలుగు రోజులకి మళ్లీ అలాంటివే రెండు చిల్లులు. పైగా ఇప్పుడు రాళ్ల మీద బంతిలా ఎగురుతోంది. వెనక కూడా సస్పెన్షన్ ఉండే ఫుల్ సస్పెన్షన్ సైకిల్ కొనాల్సిందేనా? లేక ఆ రాయిని పీకి పక్కన పెట్టేస్తే సరిపోతుందా?

జవాబు 1:

కొనే మాట తర్వాత. 40లో కూడా రెండు చిల్లులు పడ్డాయంటే మీరు సీటు మీద కూర్చునే రాళ్లని గుద్దుతున్నారు. బరువంతా వెనక చక్రం మీద పడి, రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలుగుతోంది. అలాగని పూర్తిగా లేచి నిలబడితే ఎక్కుడులో వెనక చక్రం పట్టు తప్పి తిరుగుతుంది. సీటుకి రెండు వేళ్ల ఎత్తున పిరుదులు లేపి, ఛాతీ కిందకి వంచండి. మోచేతులు బిగపట్టొద్దు. ఇది అలవాటయ్యాక గాలి ముందు టైర్లో 28కి, వెనక టైర్లో 32కి దించి చూడండి. ట్యూబులతో అంతకన్నా దించితే మళ్లీ పంక్చరే.

జవాబు 2:

పెడల్ సంగతి నేను చెప్తా, ఈ బాధ నేనూ పడ్డాను. ఆ రాయి దగ్గర పూర్తి చుట్టు తొక్కకండి. పావు చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి, మళ్లీ ముందుకి. పెడళ్లు రెండూ దాదాపు సమానంగానే ఉంటాయి, కింద ఏదీ తగలదు. మొదట్లో నడక మధ్యలో చెప్పు ఊడినట్టు తికమకగా ఉంటుంది. గేరు మరీ తేలిక పెట్టకండి, అంత తేలికైతే ఆ పావు చుట్టుకి సైకిల్ జానెడు కూడా కదలదు. బ్రేకు మలుపుకి ముందే వేసేయాలి, రాళ్ల మీద కాదు. చూపు రాళ్లు దాటాక వచ్చే మట్టి మీద ఉంచండి. ఆ ఇటుక రాయినే చూస్తూ వెళ్తే దాని మీదికే వెళ్తారు.

అవునూ, ఫోర్కు లాక్ (ముందు సస్పెన్షన్ కుంగకుండా బిగించేది) తీసే ఉంచారు కదా?

జవాబు 3:

రాయి మాత్రం పీకొద్దు. ఎక్కుడులో మట్టి వాన నీటికి కొట్టుకుపోకుండా ట్రయిల్ వేసినవాళ్లే అలా రాళ్లు పాతుతారు. ఒకటి కదిలితే మిగతావీ వదులవుతాయి. ఒకరోజు సైకిల్ పక్కన పెట్టి ఆ పన్నెండు మీటర్లు నడిచి చూడండి, కుడివైపు నుంచి దారి దొరకొచ్చు.

అడిగిన నేనే మళ్లీ:

ఫోర్కు లాక్ వేసే ఉంది. మూడు వారాల కిందట రోడ్డు మీద వెళ్తూ వేశాను, తీయడం మర్చిపోయాను. దయచేసి నవ్వకండి.

లాక్ తీసి, చెప్పినట్టే గాలి దించి, ముందు నడిచి చూశా. కుడివైపు నిజంగానే జానెడు దారి ఉంది. పావు చుట్టు తొక్కుడు ఇంకా చేతకాలేదు, వెనక్కి తిప్పాల్సిన చోట ముందుకి తొక్కేస్తున్నా. అయినా ఇవాళ ఆరు రౌండ్లలో రెండుసార్లు కాలు దింపకుండా దాటాను. ఇటుక రాయి తప్పింది. ఆ తర్వాత ఇంకో రాయి ఉందని ఇప్పుడే తెలిసింది, అది కుడి పెడల్‌కి తగులుతోంది.