గోడ మీద పులి: ఎన్‌క్లోజర్‌లో తీసిన ఫోటో అయితే కొనకూడదా?

వెలుగునీడ:
సోఫా వెనక గోడకి పెద్ద పులి ప్రింట్ పెడదామనుకుంటున్నాం. ఒకటి బాగా నచ్చింది. ముఖం దగ్గరగా, కళ్లు సూటిగా మనల్నే చూస్తున్నట్టు. అది అడవి పులి కాదని, ఎన్‌క్లోజర్‌లో, అంటే కంచె కట్టి ఉంచిన చోట తీసిన ఫోటో అని మా ఫ్రెండ్ వద్దంటున్నాడు. ఫోటో బాగుంటే చాలదా? గోడెక్కాక తేడా ఏముంటుంది?

చారలపులి:
చాలా తేడా ఉందండీ. పులుల్ని, మంచు చిరుతల్ని పెంచి, డబ్బు కట్టిన ఫోటోగ్రాఫర్ల ముందుకు వదిలే గేమ్ ఫామ్‌లు అమెరికాలో ఏళ్ల తరబడి నడిచాయి. మంచులో దూకే పులిని చూసి మనం మురిసిపోతాం. ఫ్రేమ్ బయట మాంసం ముక్క పట్టుకుని దాన్ని దూకించే ట్రైనర్ మనకు కనపడడు. షూట్ అయిపోగానే ఆ పులి మళ్లీ బోనులోకే. ఆ ప్రింట్లకు గిరాకీ ఉన్నన్నాళ్లూ ఆ వ్యాపారం ఆగదు. మీ ఫ్రెండ్ చెప్పింది నిజం.

కుంచెగీత:
నేను ఒప్పుకోను. జూలో ఉన్న పులిని దూరం నుంచి ఫోటో తీస్తే దానికొచ్చే నష్టమేమిటి? అడవి ఫోటో కోసం ఒక్క పులి చుట్టూ పది జీపులు మూగుతాయే, దాని దారికి అడ్డంపడతాయే, అదేమైనా మంచి పనా?

చారలపులి:
జీపుల మాట నిజమే, అదీ తప్పే. మంచి జూలో తీసి, జూలో తీశామని రాసి అమ్మితే నాకూ అభ్యంతరం లేదు. నా బాధంతా దాచిపెట్టడం గురించే. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం వాళ్ల వన్యప్రాణి ఫోటోల పోటీలో 2009లో గెలిచిన తోడేలు ఫోటో ఉంది కదా, గేటు మీంచి దూకుతున్నది. అది మచ్చిక చేసిన తోడేలై ఉంటుందని జడ్జీలు తేల్చి, 2010 జనవరిలో బహుమతి రద్దు చేశారు. ఫోటోగ్రాఫర్ మాత్రం కాదనే అన్నాడు. అంతటి జడ్జీలే ముందు పట్టుకోలేకపోతే కొనేవాళ్లం మనమెంత?

అదే పోటీలో 2020లో గెలిచిన సెర్గీ గోర్ష్‌కోవ్ ఫోటో చూడండి. రష్యా తూర్పు అడవుల్లో ఒక ఆడ పులి చెట్టును కావలించుకుని ఒళ్లు రుద్దుకుంటోంది, తన వాసన వదలడానికి. కెమెరా ట్రాప్, అంటే జంతువు ముందుకొస్తే తనంతట తానే ఫోటో తీసే కెమెరా పెట్టి 11 నెలలకు పైగా ఎదురుచూస్తే దొరికింది. దగ్గర్లో మనిషే లేడు, జీపూ లేదు. కుంచెగీత గారూ, మీ ప్రశ్నకు నా జవాబు అదే. ఆ చెట్టు, ఆ వెలుతురు, ఆ పులి తన పనిలో తానుండటం క్లోజప్ ముఖంలో ఎక్కడ దొరుకుతాయి?

వెలుగునీడ:
ఎక్కడ తీశారో, అడవి పులేనో కాదో చెప్పమని అమ్మేవాళ్లకు రాశాను. చెప్పకపోతే కొనం. కానీ అడవంతా కనపడే ఫోటోలో పులి చిన్నగా ఉంటుంది కదా, అంత గోడకి ఆనుతుందా?

కుంచెగీత:
ఆనుతుంది. సైజు మాత్రం తగ్గించకండి. మెరుపు లేని మ్యాట్ పేపర్ మీద, త్వరగా వెలిసిపోని పిగ్మెంట్ ఇంకుతో వేయించండి, ఎండ నేరుగా పడే గోడ వద్దు. ఈ విషయంలో మాత్రం మా ఇద్దరికీ గొడవ ఉండదు.